ఒక స్టెతస్కోపు ఆత్మకథ

స్టెతస్కోపు వంశం 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో మొదలైంది. గుండెజబ్బు లక్షణాలతో వచ్చిన ఒక యువతి ఛాతీకి చెవి ఆనించి వినడం మర్యాద కాదని రెనె లెనెక్ అనే వైద్యుడికి తోచింది. ఆమె బాగా లావు కావడంతో వేళ్ళతో తట్టి చూసినా తెలిసేది తక్కువే. అప్పుడాయన కాగితాలు గట్టిగా గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండె మీద ఉంచి, రెండో కొసకు తన చెవి ఆనించాడు. గుండె చప్పుడు అంతకుముందెప్పుడూ లేనంత స్పష్టంగా వినిపించింది. తర్వాత చెక్కతో సుమారు అడుగు పొడవు గొట్టం చేయించుకున్నాడు, 1819లో తాను విన్నదంతా పుస్తకంగా రాశాడు, 1826లో క్షయతో చనిపోయాడు. రెండు చెవులకూ పెట్టుకునే రూపం 1850ల మొదట్లో వచ్చింది. బాగా వినాలన్న తపన, రోగి సిగ్గు కాపాడాలన్న పట్టింపు ఈ పనిముట్టుతో పాటే పుట్టాయి.

ఈ కథ చెబుతున్న స్టెతస్కోపు ఒక బీఎస్సీ నర్సింగ్ విద్యార్థినిది. తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా ఇది ‘నేను’ అనదు. కేస్ షీట్‌లో రాసే భాషే దీనికి అలవాటు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన సిలబస్‌లో నర్సింగ్ ఫౌండేషన్ రెండో భాగంతో కలిపి హెల్త్ అసెస్‌మెంట్ మాడ్యూల్ పెట్టారు. ఆ పాఠంతోనే స్టెతస్కోపుకు పని మొదలవుతుంది. మొదట స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద, తర్వాత తోటి విద్యార్థుల మీద, ఆ తర్వాతే వార్డులో.

వార్డులో దీని వంతు చివర వస్తుంది. చూడటం, తాకడం, తట్టడం, వినడం అన్నది పరీక్ష వరస. చూడటం గుమ్మం దగ్గరే మొదలవ్వాలి. మనిషి వెల్లకిలా పడుకోగలుగుతున్నాడా, లేక ముందుకు వంగి కూర్చున్నాడా? ఒక మాట పూర్తయ్యేలోపు మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా? ఇవి గమనించిన విద్యార్థిని సగం పరీక్ష చేసినట్టే. రంగు చూసేటప్పుడు మన దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ముఖానికి, పాదాలకు పసుపు రాసుకున్న ఆమెకు చర్మం చూసి కామెర్లు ఉన్నాయో లేవో చెప్పలేం. పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డు చూడాలి. గోరింటాకు పండిన గోళ్ళలో రక్తహీనత దాగిపోతుంది. అప్పుడు కింది కనురెప్ప లోపలి పొర చూడాలి. చామనచాయ, నలుపు ఒళ్ళున్నవాళ్ళలో ఆక్సిజన్ తగ్గిన నీలిరంగు చర్మం మీద పట్టుబడదు కాబట్టి నాలుక, పెదవి లోపలి భాగం చూడాలి.

తాకే ముందు చెప్పి తాకాలి. తెర లాగకుండా, ఏం చేయబోతున్నారో చెప్పకుండా పమిట మీద చేయి వేస్తే ఆమె బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఏం విన్నా అది భయపడిన గుండె చప్పుడే. ఒంటి వేడి చూడటానికి చేతి వెనుక భాగం మంచిది. కాలి ముందెముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీస్తే గుంట పడి నిలిచిందంటే వాపులో నీరుంది. నొప్పి ఉన్న చోటు ఎక్కడో ముందే అడిగి, దాన్ని చివరికి వదలాలి.

తట్టే పద్ధతిని 1761లో ప్రకటించినవాడు ఆస్ట్రియా వైద్యుడు ఔయెన్‌బ్రుగర్. సంతలో కుండ కొనేవాళ్ళు వేలితో మీటి చూడటం లాంటిదే ఇది. గాలి నిండిన ఊపిరితిత్తి ఖంగుమంటుంది, కాలేయం మీద మొద్దుగా పలుకుతుంది, గాలి చేరిన పొట్ట డప్పులా మోగుతుంది. ఊపిరితిత్తి ఉండాల్సిన చోట మొద్దు శబ్దం వస్తే అక్కడ నీరో, గట్టిపడిన భాగమో ఉందని అనుమానించాలి.

పొట్ట దగ్గర మాత్రం వరస మారుతుంది. చూశాక ముందు వినాలి, ఆ తర్వాతే తట్టడం, తాకడం. ముందే నొక్కితే పేగుల కదలిక మారిపోయి, విన్నది నమ్మలేనిదవుతుంది. పేగుల చప్పుడు నిమిషానికి 5 నుంచి 30 దాకా మామూలే. అసలు వినబడలేదని రాయాలంటే ఐదు నిమిషాలు వినాలి. శస్త్రచికిత్స అయిన రోగి దగ్గర ఆ ఐదు నిమిషాలు నిలబడే ఓపిక లేకపోతే ఆ మాట రాయకూడదు.

స్టెతస్కోపును పట్టుకోవడమూ నేర్చుకోవాల్సిందే. చెవుల్లో పెట్టుకునే కొసలు ముక్కు వైపు తిరిగి ఉండాలి. చెవి రంధ్రం వాలు అటే ఉంటుంది. వెడల్పు బిళ్ళ గట్టిగా ఆనించాలి, దానికి పై స్థాయి శబ్దాలు పడతాయి. గంట ఆకారం ఉన్న వైపు తేలిగ్గా ఆనించాలి, దానికి కింది స్థాయి శబ్దాలు పడతాయి. గంటను నొక్కితే చర్మం బిగిసి, అదీ బిళ్ళలాగే పనిచేస్తుంది. చల్లని బిళ్ళను అరచేతిలో వెచ్చబరచాలి. రవిక మీద నుంచి వింటే వినిపించేది బట్ట రాపిడి. ఛాతీ మీద దట్టంగా వెంట్రుకలున్నా అటువంటి చిటపటలే వస్తాయి, తడి చేసి వింటే తగ్గుతాయి.

ఊపిరితిత్తులు వినేటప్పుడు నోరు తెరిచి నిదానంగా, లోతుగా ఊపిరి తీయమనాలి. పై నుంచి కిందికి, కుడిపక్క ఒక చోట విన్నాక ఎడమపక్క అదే చోట వినాలి. పోల్చకుండా విన్నదానికి విలువ తక్కువ. ముందు వైపు విని ఊరుకునేవాళ్ళు చాలామంది. కింది భాగాలు వీపు వైపే బాగా అందుతాయి. ఇరుకైన గొట్టాల్లో గాలి పోతే పిల్లికూతలు వినిపిస్తాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, న్యుమోనియా ఉన్నా చిటపటలు వినిపిస్తాయి. చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య నలిపితే వచ్చే శబ్దం అచ్చం సన్నని చిటపటే. ప్రతి విద్యార్థినీ ఒకసారి నలిపి వినాలి.

గుండె దగ్గర ముందు వేళ్ళతో దారి వెతకాలి. గొంతు కింది గుంట నుంచి రొమ్ము ఎముక మీద వేలు జార్చుకుంటూ వస్తే చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కనే రెండో పక్కటెముక, దాని కింద రెండో సందు. అక్కడ కుడివైపు బృహద్ధమని కవాటం, ఎడమవైపు పుపుస ధమని కవాటం వినిపిస్తాయి. ఎడమవైపు ఐదో సందులో, కాలర్ బోన్ మధ్య నుంచి దిగే ఊహాగీత దగ్గర గుండె కొన తగులుతుంది. అక్కడ లెక్కపెట్టే నాడిని పూర్తి నిమిషం లెక్కపెట్టాలి.

బీపీ దగ్గర స్టెతస్కోపు ఎక్కువ తప్పులు చూసింది. రష్యా సైనిక వైద్యుడు కొరొట్‌కొవ్ 1905లో చెప్పిన పద్ధతే ఇది. పట్టీ గాలి వదులుతుంటే మొదట వినిపించే టక్ పై అంకె, శబ్దం పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. ఒక వార్డులో లావుపాటి చేతికి మామూలు పట్టీ చుట్టి, మెట్లెక్కి వచ్చిన ఆమెకు వెంటనే బీపీ చూశారు. 156 అని రాశారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు నేల మీద ఆన్చి, చేయి గుండె ఎత్తున ఉంచి, పెద్ద పట్టీతో మళ్ళీ చూస్తే 134. ఆమె మొదటి అంకెతోనే ఇంటికి వెళ్ళి ఉంటే అక్కరలేని మందు మింగేది. పట్టీ లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం ఉండాలి. ముందు మణికట్టు నాడి పట్టుకుని, అది ఆగిన చోటికి మరో 30 పైకి ఎక్కించి, సెకనుకు 2, 3 చొప్పున దించాలి. కొందరిలో శబ్దం మధ్యలో మాయమై మళ్ళీ వస్తుంది. నాడి చూడనివాళ్ళు ఆ ఖాళీలో పడి పై అంకెను తక్కువ రాస్తారు.

ఊపిరి లెక్కకు స్టెతస్కోపు అక్కరలేదు, కానీ దీనికి బాగా బాధ కలిగించేది అదే. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, రోగికి తెలియకుండా నిమిషం పాటు ఛాతీ కదలిక లెక్కపెట్టాలి. పెద్దవాళ్ళలో 12 నుంచి 20 మామూలు. వార్డు మొత్తానికి 18 అని నింపిన చార్టును ఇది చూసింది. రోగి దిగజారుతున్నాడని చెప్పే మొదటి గుర్తుల్లో ఊపిరి వేగం ఒకటి. దాన్ని లెక్కపెట్టకుండా రాసిన నర్సు ఆ రోగి మంచం దగ్గర లేనట్టే.

విన్నది విన్న వెంటనే, ఏ చోట, ఏ సమయంలో అన్నదానితో సహా రాయాలి. అనుమానం ఉంటే సీనియర్ సిస్టర్‌ను పిలిచి మళ్ళీ వినమనాలి. తర్వాత బిళ్ళను, చెవి కొసలను 70 శాతం స్పిరిట్ దూదితో తుడవాలి, తడి ఆరేదాకా ఆగాలి. తుడవని స్టెతస్కోపుతో తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళకండి.