బోధన్ చేరిన ఒక చిప్పు ఆత్మకథ

ఇది ఒక చిప్పు చెప్పుకున్న కథ. కాకపోతే అది ఎక్కడా ‘నేను’ అనదు. అడిగినవాళ్లకు లోపలి లెక్కను ఉన్నదున్నట్టు ఒప్పజెప్పడమే దాని ఉద్యోగం. అందుకే తన సంగతైనా మూడో మనిషి సంగతిలాగే చెబుతుంది.

దాని జాతి పేరు ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్, పొట్టిగా టీపీఎం. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మీద ఓ మూలన సెంటీమీటరు పొడవు కూడా లేని నల్ల బిళ్ల. 2003లో ఏర్పడ్డ ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ అనే కంపెనీల కూటమి ఈ జాతికి నియమాలు రాస్తుంది. ఈ చిప్పు 1.2 తరానిది. 2009లో ఆ తరానికి ఐఎస్ఓ ప్రమాణం హోదా వచ్చింది. అది మొదట హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కొలువు చేసింది. ఆఫీసువాళ్లు పాత ల్యాప్‌టాప్‌లను లాటుగా అమ్మేస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ మీదుగా బోధన్ చేరింది.

కొన్నది శక్కర్‌నగర్‌లో ఉండి డిగ్రీ చదివే పిల్లగాడు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ పక్కన వెలిసిన కాలనీ అది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. “తమ్మీ, దీనికి విండోస్ పదకొండు ఎక్కదు, లైనక్స్ ఏస్కో” అని దుకాణదారు ముందే చెప్పాడు. ఆయన మాట నిజమే. 2021లో వచ్చిన విండోస్ 11 కనీసం 2.0 తరం టీపీఎం ఉండాలంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. అలా ఈ చిప్పు లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ చేతికొచ్చింది.

ఇంతకీ అది చేసే పని? ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు, బండి కాంటా ఎక్కాక చీటీ మీద పడిన చెరుకు తూకాన్ని బండివాడు దిద్దడానికి లేదు. చిప్పులోని పీసీఆర్ రిజిస్టర్ల పద్ధతీ అదే. మొత్తం 24 ఉంటాయి. కంప్యూటర్ ఆన్ కాగానే బయోస్, బూట్‌లోడర్ వరుసగా తమ తర్వాత నడవబోయే ప్రోగ్రాంకు వేలిముద్ర లాంటి హ్యాష్ తీసి చిప్పుకిస్తాయి. చిప్పు దాన్ని పాత విలువతో కలిపి మళ్లీ హ్యాష్ చేసి దాచుకుంటుంది. బూట్ లెక్కలు పడే రిజిస్టర్లలో కలపడమే తప్ప తీసివేత లేదు. మధ్యలో ఎవరైనా దొంగ కెర్నల్‌ను దూరిస్తే లెక్క తప్పుతుంది, సరైన లెక్కకు ముడిపెట్టి దాచిన డిస్కు తాళం చెవిని చిప్పు బయటపెట్టదు.

అయితే ఈ చిప్పు తనంతట తాను నోరు విప్పదు. దాన్ని అడిగేది, జవాబు మోసుకెళ్లేది డ్రైవరు. లైనక్స్‌లోకి తొలి టీపీఎం డ్రైవరు 2005లో 2.6.12 వెర్షన్‌తో వచ్చింది. అప్పటినుంచి ప్రతి కొత్త చిప్పు డ్రైవరూ కెర్నల్‌లో చేరే ముందు పరిశీలన దాటాలి. రాసినవాళ్లు ‘సైన్డ్ ఆఫ్ బై’ అని పేరు పెట్టి పూచీ పడాలి, చదివినవాళ్లు ‘రివ్యూడ్ బై’ అని, నడిపి చూసినవాళ్లు ‘టెస్టెడ్ బై’ అని పేరిస్తారు. ఆ కోడ్ బాధ్యత చూసే యార్కో సక్కినెన్ లాంటి మెయింటైనర్లు ఒప్పుకోకపోతే రెండో వెర్షన్, మూడో వెర్షన్ రాసుకుని మళ్లీ రావాలి.

భద్రత చిప్పు కదా, పరిశీలనంతా గూఢలిపి మీదే ఉంటుందనుకుంటారు. కానీ గొడవలన్నీ మామూలు లెక్కల దగ్గరే. చిప్పు జవాబుకు ముందు 10 బైట్ల హెడర్ ఉంటుంది. అందులో 2 బైట్లు ట్యాగ్, 4 బైట్లు పొడవు, 4 బైట్లు ఫలితం. చిప్పు పెద్ద బైటును ముందు పంపుతుంది, ఇంటెల్ ప్రాసెసర్ చిన్న బైటు ముందుందనుకుని చదువుతుంది. డ్రైవరు వరుస తిప్పకపోతే 10 అనే పొడవు 16,77,72,160గా కనబడుతుంది.

ఆ పొడవును నమ్మాలా వద్దా అన్నది ఇంకో పేచీ. 2018లో ఎన్‌సీసీ గ్రూప్‌కు చెందిన జెరెమీ బూన్ చిప్పుకూ ప్రాసెసర్‌కూ మధ్య తీగల మీద కూర్చుని మాట మార్చే పరికరాన్ని చూపించాడు. దాని పేరు టీపీఎం జీనీ. దారిలో పొడవు మార్చేస్తే, కొన్ని డ్రైవర్లు అదే నిజమనుకుని, జవాబు దాచుకునే బఫర్ హద్దు దాటి రాసేవి. చిప్పు నిజమే చెప్పినా చేరింది అబద్ధం. పొడవును సరిచూసుకునే ప్యాచ్‌లు ఆ ఏడాదే కెర్నల్‌లో చేరాయి. అంతకుముందు 2011లో ఇంకో లోపం దొరికింది. ఒక కమాండ్‌కు వచ్చిన జవాబును బఫర్‌లోంచి సరిగా చెరపకపోవడంతో, అదే కంప్యూటర్‌లోని వేరే యూజరు దాన్ని చదివే వీలుండేది.

ఈ చిప్పును ఎక్కువగా భయపెట్టింది మాత్రం తొందర. వీటి లోపలి ప్రాసెసర్ మహా నెమ్మది. 2048 బిట్ల ఆర్ఎస్ఏ తాళం పుట్టించమంటే సెకన్లకు సెకన్లు తీసుకుంటుంది. ఈలోగా డ్రైవరు “అయ్యిందా, అయ్యిందా” అని స్టేటస్ రిజిస్టరు చూస్తూ ఉంటుంది. ఎంతసేపటికోసారి చూడాలి? 4.14 వెర్షన్ నాటికి వేగం పెంచడం కోసం రెండు చూపుల మధ్య డ్రైవరు పడుకునే నిద్ర సమయాన్ని తగ్గించారు, 4.16, 4.18లలో మిల్లీసెకను లోపుకే దించారు. చాలా చిప్పులకు అది మేలే చేసింది. అట్మెల్ కంపెనీ 1.2 చిప్పులు మాత్రం ఎర్రర్ మైనస్ 62, అంటే గడువు దాటింది అంటూ పడిపోయాయి. కారణం 2021లో హావో వూ పంపిన ప్యాచ్‌లో ఉంది. పాత కోడ్‌లో 5 మిల్లీసెకన్లు నిద్రపొమ్మని రాసి ఉన్నా, నిజానికి అది 15 మిల్లీసెకన్లు పడుకునేది. ఆ చిప్పులు బతికింది కోడ్‌లో ఎక్కడా రాయని ఆ అదనపు నిద్ర మీదే. కాగితం మీద చదివిన ఏ రివ్యూ దీన్ని పట్టగలదు?

కొత్త చిప్పు డ్రైవరుకు తిప్పలు తప్పవనడానికి గూగుల్ క్రోమ్‌బుక్‌లలోని సీఆర్50 సాక్ష్యం. ఒక్క సెకను ఎవరూ పలకరించకపోతే నిద్రపోగల చిప్పు అది. లేపాక తేరుకోవడానికి మిల్లీసెకను దాకా ఆగాలి. దాని డ్రైవరు 2016లో మొదటిసారి పరిశీలనకు వచ్చింది, 2019లో తిరగరాసుకుని మళ్లీ వచ్చింది. చివరికి, ఎస్‌పీఐ తీగల మీద పలికే టీపీఎంల కోసం అప్పటికే ఉన్న డ్రైవరుకే ఈ చిప్పు అలవాట్లు జతచేసి చేర్చుకున్నారు. ఉన్న కోడ్‌తో పని జరిగే చోట రెండో కాపీ ఎందుకన్నది కెర్నల్ పెద్దల మాట.

ఒళ్లు లేని టీపీఎంలూ ఉన్నాయి. ఏఎండీ ప్రాసెసర్లలో ఫర్మ్‌వేరే టీపీఎం పని చేస్తుంది. 6.1 నుంచి లైనక్స్ మామూలుగానే యాదృచ్ఛిక సంఖ్యలు దాన్ని అడగడం మొదలుపెట్టగానే కొన్ని కంప్యూటర్లలో పాటలు నత్తినత్తిగా పలికాయి. 2023 ఆగస్టులో ఏఎండీ ఫర్మ్‌వేర్ టీపీఎంలన్నింటినీ ఆ పని నుంచి తప్పించారు.

ఇవన్నీ చూశాక ఈ చిప్పు తేల్చింది ఒకటే. డ్రైవరుకు అసలు పరీక్ష పెట్టేది పాత మిషన్లు. సమీక్షకుల బల్ల మీద అన్ని కంపెనీల, అన్ని తరాల చిప్పులూ ఉండవు. బోధన్, నిజామాబాద్ దుకాణాల్లో, బాసర ట్రిపుల్ ఐటీ హాస్టళ్లలో, డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీ గదుల్లో అలాంటి మిషన్లు దొరుకుతాయి. లైనక్స్ వాడే పిల్లలకు దాని విన్నపం ఇది: కొత్త కెర్నల్ ఎక్కించిన రోజు టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ ఇచ్చి టీపీఎం పేరున్న లైన్లు చదవండి. ఎర్రర్ కనబడితే కెర్నల్ వెర్షన్, చిప్పు కంపెనీ, ఏ పని చేస్తుండగా వచ్చిందీ రాసి మెయింటైనర్లకు పంపండి. వాళ్ల చిరునామాలు కెర్నల్ సోర్సులోనే ‘మెయింటైనర్స్’ అనే ఫైల్లో ఉంటాయి.