బటాంగ్ బెర్జుంటైలో వినపడే తప్పుడు సలహాలు

"నీ డిగ్రీ పేరున్న ప్రకటనకే అప్లై చెయ్యి." మలేషియాలోని మా ఊళ్లో డిగ్రీ చేతికొచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఎవరో ఒక అన్నయ్య చెప్పే మొదటి మాట ఇది. దీనంత చెరుపు చేసే సలహా నాకు కనపడలేదు. యూనివర్సిటీలో కాంట్రాక్టు పరిశోధన ఉద్యోగం సాధారణంగా ఒక గ్రాంటులోంచి పుడుతుంది. ఆ గ్రాంటేమో ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి వస్తుంది, ఒక డిగ్రీ కోసం కాదు. మా ఊరినే చూడండి.

2007లో ఊరి పేరు బెస్తారీ జయ అయినా, చుట్టూ తగరం తవ్వి వదిలేసిన గుంటలు అలాగే ఉన్నాయి. వాటి నీళ్లలో సీసం, ఆర్సెనిక్ ఎంతుందో కొలవాలంటే కెమిస్ట్రీ చదివినవాళ్లు కావాలి. గట్టున మొలిచిన గడ్డి ఆ లోహాల్ని పీలుస్తోందా అన్నది బోటనీ వాళ్ల పని. వానొస్తే ఆ నీరు సెలంగోర్ నదిలోకి ఎటు దిగుతుందో మ్యాపు గియ్యాలంటే జాగ్రఫీ. అక్కడ చేపలు పట్టుకు తినేవాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడాలంటే సోషియాలజీ, దానికి తోడు మలయ్, తమిళం, తెలుగు వచ్చి ఉంటే మరీ మంచిది. పక్కనే తెన్నమరం ఎస్టేటు. 1917లో ఆంరీ ఫోకోనియే వేయించిన ఆ పామాయిల్ తోట దేశంలోనే మొదటి వాణిజ్య తోట. దాని మీద వ్యవసాయం వాళ్లకే కాదు, చరిత్ర వాళ్లకూ పని దొరకొచ్చు. అందుకే వెతికేటప్పుడు సబ్జెక్టు పేరు కొట్టకండి. మీకు చేతనైన పని కొట్టండి: క్యూజీఐఎస్‌లో మ్యాపులు, ఇంటర్వ్యూలు, నీటి శాంపిళ్లు.

"ఊళ్లోనే యూనిసెల్ యూనివర్సిటీ ఉందిగా, అక్కడ చూస్తే చాలదా?" చాలదు. మలయా, యూకేఎం, యూపీఎం, యూఎస్ఎం, యూటీఎం యూనివర్సిటీలు కూడా చూడాలి. బాంగిలోని పామాయిల్ బోర్డునూ వదలొద్దు.

ప్రకటన పడేదాకా ఆగమనడం ఇంకో తప్పు. ఎఫ్‌ఆర్‌జీఎస్ లాంటి ప్రభుత్వ పరిశోధన గ్రాంటు చాలావరకు రెండు మూడేళ్లే. అది రాగానే ప్రొఫెసర్‌కు మనుషులు కావాలి. ముందే ఉత్తరం రాయండి. ఆయన పేపర్లలో మీరు చదివినదేదో, మీరు వాడగల పరికరమేదో, ఎప్పుడు చేరగలరో రాస్తే సరిపోతుంది. చివర్లో మర్యాదగా ఒక ప్రశ్న: "వోట్ 11000లో ఇంకా డబ్బుందా సార్?" మనుషుల జీతాలకు, అలవెన్సులకు గ్రాంటులో కేటాయించే పద్దు అది. ఈ ప్రశ్నకు సూటిగా జవాబొస్తుంది.

ఎస్టేట్లలో పెరిగిన పెద్దవాళ్లు మాత్రం, "రెండేళ్ల ఉద్యోగం ఉద్యోగమేనా, పర్మినెంటు వచ్చేదాకా ఆగు" అంటారు. ఆ భయానికి కారణముంది. ఎస్టేటులో పని పోతే క్వార్టర్సు కూడా పోయేది. ఆ మాట అన్నందుకు అమ్మానాన్నల మీద విసుక్కోకండి. కానీ ఆగితే చేతికేమీ రాదు. గ్రాడ్యుయేట్ రీసెర్చ్ అసిస్టెంటు (జీఆర్‌ఏ)గా చేరితే అదే రెండేళ్లలో మాస్టర్స్ పట్టా చేతికి రావొచ్చని వాళ్లకు కూర్చోబెట్టి చెప్పండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, "జీతం సంగతి అడక్కు, బాగుండదు" అనే సలహా. అడగండి. జీఆర్‌ఏ అయితే విద్యార్థిగా రిజిస్టర్ కావాలి. మామూలు రీసెర్చ్ అసిస్టెంటు (ఆర్‌ఏ) అయితే అక్కర్లేదు. ఇచ్చేది జీతమా, అలవెన్సా? జీతమైతే ప్రావిడెంట్ ఫండు (ఈపీఎఫ్)లో మీ వాటా 11 శాతం. 5,000 రింగిట్ల లోపు జీతానికి యజమాని 13 శాతం కలపాలి. అలవెన్సు పేరుతో ఇస్తే ఆ డబ్బు రాకపోవచ్చు. మీ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో, గ్రాంటు ఎప్పుడు ముగుస్తుందో రెండు తేదీలూ అడిగి, చేరకముందే కాగితం మీద రాయించుకోండి.