నోటిఫికేషన్ పడేదాకా ఉస్మానియా

సీపీగెట్ రాసి ఉస్మానియాలో పీజీ సీటు కోసం చూస్తున్నవాళ్లకు ఎవరైనా ముందు చూపించేది ఆర్ట్స్ కాలేజీనే. తప్పులేదు. 1939లో తెరిచిన ఆ రాతి కట్టడం ముందు నిలబడితే చదువు మీద భక్తి పుట్టుకొస్తుంది. ప్రీవెడ్డింగ్ షూట్‌కి వచ్చిన జంటలకూ పుడుతుంది కాబోలు. కాకపోతే యూనివర్సిటీ పుట్టింది 1918లో. అంటే ఇరవై ఏళ్లపాటు ఈ భవనం లేకుండానే చదువులు నడిచాయి. అంతకన్నా చిత్రం, క్లాసులు మొదలవకముందే, 1917లోనే, అనువాద శాఖ తెరిచి ఉర్దూలో పాఠ్యపుస్తకాలు రాయించడానికి పూనుకున్నారు. ఇక్కడి జనంలో ఎక్కువమంది మాట్లాడే భాష అది కాదన్నది వేరే తగువు. ముందు పుస్తకం, తర్వాత పంతులు, ఆఖరున బిల్డింగు: నిజాం గారి వరస అది. ఇప్పుడు బిల్డింగు ఉంది, పుస్తకం జిరాక్స్ సెంటర్లో ఉంది, మంజూరైన పంతులు పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి.

ఖాళీ అంటే క్లాసు జరగదని కాదు. కాంట్రాక్టు సారు, పార్ట్‌టైం మేడం వచ్చి చెబుతారు, చాలాసార్లు బాగానే చెబుతారు. నియామకాలకు ఉమ్మడి బోర్డు పెడదామని 2022లో శాసనసభ బిల్లు పాస్ చేస్తే, గవర్నర్‌కు సందేహాలొచ్చాయి, మంత్రిగారు వెళ్లి తీర్చబోయారు, ఆ ఏడాదీ అలాగే గడిచిపోయింది. బెంచీ మీది కుర్రాడు గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం, బోర్డు దగ్గరి సారు రెగ్యులర్ పోస్టు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఉంటే, గురుశిష్యులిద్దరికీ సిలబస్ ఒకటే అయిపోయింది.

నాక్ ఎ ప్లస్ ఇచ్చింది కదా అంటారు. ఇచ్చింది, కాదనను, గ్రేడు మాత్రం సెమినార్ హాల్లో నిలబడి పాఠం చెప్పదు. ఎంతమంది మహామహులు చదివారో చూడమంటారు. 1938లో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని గెంటేస్తే వాళ్లు నాగపూర్ పోయి చదువుకున్నారు. అందులో పీవీ నరసింహారావు కూడా ఒకరు. గెంటేసినవాళ్లను కూడా మనవాళ్ల జాబితాలో వేసుకోవడానికి పెద్ద మనసే ఉండాలి. ఇక గట్టి వాదన ఒకటుంది: ఫీజు తక్కువ, హాస్టల్ ఉంది, పల్లె నుంచి వచ్చిన పేదపిల్లకు ఇంకెక్కడ దిక్కని. దీనికి నా దగ్గర వెటకారం లేదు. కాకపోతే, ప్రైవేటు యూనివర్సిటీలో పంతులు మానేస్తే తండ్రులు ఫీజు రసీదు పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. ఇక్కడ ఫీజు తక్కువ కాబట్టి అడిగే నోరూ చిన్నదే అని ప్రభుత్వాలకు బాగా తెలుసు.

కనుక రండి, చేరండి. రీడింగ్ రూముకు మాత్రం తెల్లారకముందే వెళ్లి, ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు కుర్చీ మీద పుస్తకం వేసుకోండి. పక్క కుర్చీలో అదే గైడు తిరగేస్తున్నాయన మధ్యాహ్నం మీకు క్లాసు చెప్పే సారే కావచ్చు. నమస్కారం పెట్టి కూర్చోండి.