గోచీ కోసం మదర్‌బోర్డు

ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవుకు మేత కోసం పొలాన్ని, పొలం చూసుకోడానికి పెళ్ళాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మనకు తెలిసిందే. ఆయన ఈ కాలంలో పుట్టుంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ల బజారైన చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, "తమ్ముడూ, సిస్టమ్ బాగా స్లో అయింది. ప్రాసెసర్ ఒక్కటి మార్చు. బడ్జెట్ తక్కువ" అనేవాడు.

పాపం, ఆ బజారులో "ఒక్కటి" అనే సరుకు ఉండదు.

2017లో కొన్న ఏడో తరం ఐ5 అనుకుందాం. దాని సాకెట్ ఎల్‌జీఏ 1151. ఎనిమిదో తరం ప్రాసెసర్‌దీ 1151 సాకెట్టే. సైజూ అదే, పిన్నుల లెక్కా అదే. అయినా పాత బోర్డులో పెడితే పనిచేయదు. దానికి 300 సిరీస్ చిప్‌సెట్ బోర్డే కావాలని ఇంటెల్ వారి శాసనం.

"బోర్డు మార్చాల్సిందే సార్" అంటాడు షాపు కుర్రాడు, సంతాపం తెలిపే గొంతుతో. మారేది కొత్త తరం బోర్డుకు కాబట్టి ర్యామ్ సంగతి వస్తుంది. పాతది డీడీఆర్4. డీడీఆర్5 స్లాటులో అది దిగదు, గాడి చోటే వేరు. "డీడీఆర్5 తీసేసుకోండి సార్, ఫ్యూచర్ ప్రూఫ్" అంటాడు. డీడీఆర్4 వేసుకునే హెచ్610 బోర్డులు కూడా ఉన్నాయనీ, వాటి మీద 12వ తరం ఐ3 పెట్టుకుంటే పాత ర్యామ్ అలాగే బతికిపోతుందనీ మీరు అడిగితే తప్ప చెప్పడు. అడిగితే మాత్రం "స్టాక్ చూడాలి సార్" అంటాడు.

తర్వాత ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై. క్యాబినెట్‌తో ఊరికే వచ్చింది, స్టిక్కర్ మీద 450 వాట్లు, చేత్తో ఎత్తితే అప్పడమంత బరువు. అదీ మార్చాలంటాడు. ఇక్కడ మాత్రం కుర్రాడి మాట వినండి. అది పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునీ తీసుకుపోతుంది. చివరగా విండోస్. పాత బోర్డుతో వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ బోర్డుతోనే సహగమనం చేస్తుంది. మొత్తం లెక్క తేలాక 18 శాతం జీఎస్టీ. పాతవాటిలో మిగిలేది క్యాబినెట్టూ, దాని లోపలి దుమ్మూ.

స్లో కావడం పక్కనపెడితే, ఈ మిషన్‌కు వచ్చిన ఇంకో రోగమేమిటి? 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సెలవిచ్చింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ప్రవేశం. నిన్న రాత్రి దాకా నెమ్మదిగానైనా ఎక్సెల్ షీట్లు తెరిచిన యంత్రం తెల్లారేసరికి చెత్త అయింది. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటి పెట్టారు గానీ, దాని పేరు కౌంటర్ దగ్గర వినబడదు. ఇదే సమయానికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోవడంతో ర్యామ్ ధరలు కొండెక్కాయి. మైక్రాన్ అయితే మామూలు జనానికి ర్యామ్ అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. మనం అడిగే 8 జీబీ ఇప్పుడు చిప్పుల కంపెనీలకు చిల్లర బేరం.

అందుకే చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళు వరుస తిరగేయాలి. మొదట హార్డ్ డిస్క్ బదులు సాటా ఎస్ఎస్‌డీ. ఐదు నిమిషాలు గిరగిరా తిరిగే మిషన్ అర నిమిషంలో లేస్తుంది. తర్వాత, ఖాళీ స్లాటు ఉంటే సెకండ్ హ్యాండ్ ర్యామ్ ఇంకొకటి. ఆ పైన ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయడం. ప్రాసెసర్ వంతు అన్నిటికన్నా ఆఖరు. దీంట్లో కుర్రాడికి మిగిలేది తక్కువ గనక ఈ వరుస అతని నోట రాదు.

బజారుకు బయల్దేరే ముందు టాస్క్ మేనేజర్ ఒకసారి తెరవండి. సీపీయూ పది శాతం దగ్గర కునికిపాట్లు పడుతూ, డిస్క్ నూరు శాతం దగ్గర రొప్పుతుంటే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది. అది చూశాక కూడా సరికొత్త ప్రాసెసరే కావాలనిపిస్తే, ఆ జబ్బుకు స్పేర్ పార్టు పార్క్ లేన్‌లో దొరకదు.