ఆదివారం వెల్డర్లకు అమూల్య సలహాలు

ముందు మిషను కొనండి. ఎవరి దగ్గరైనా నిలబడి చూడటం, నాలుగు ముక్కలు చదవడం, ఇవన్నీ డబ్బు లేనివాళ్ల పనులు. సికింద్రాబాద్ రాణీగంజ్‌కు వెళ్తే బుల్లి ఇన్వర్టర్ మిషన్లు వరసగా పేర్చి ఉంటాయి. వాటిలో డబ్బా మీద ఏ అంకె పెద్దగా ఉంటే అది తీసుకోండి. 200 ఆంపియర్లది చూపిస్తే 250 లేదా అని అడగండి. మీ ఇంట్లో ఉన్నది 16 ఆంపియర్ల సాకెట్టని, దానికి ఇప్పటికే గీజరు తగిలించి ఉందని షాపువాడికి చెప్పకండి. అతనూ అడగడు. ఇంటికి రాగానే నాబ్‌ను చివరిదాకా తిప్పి రాడ్డు ఆనించండి. బయటికి 200 ఆంపియర్లు ఇవ్వాలంటే ఆ మిషను గోడలోంచి 30 దాకా లాగుతుంది. ఎంసీబీ పడిపోతుంది, హాల్లో సీరియల్ ఆగిపోతుంది, మీరు కొత్త హాబీ మొదలుపెట్టారని ఇంటిల్లిపాదికీ ఒకేసారి తెలుస్తుంది. ఇంటి పనులకు వాడే 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 70 నుంచి 90 ఆంపియర్లు చాలని, ఆ మాత్రానికి ఇంకేమీ తగిలించని 16 ఆంపియర్ల సాకెట్టు సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి. అంత చిన్న అంకెతో తృప్తిపడే మనిషి జీవితంలో ఏం పైకొస్తాడు?

మిషను వెనక రేకు మీద సన్నటి అక్షరాల్లో 60 శాతం అని ఉంటుంది. డిస్కౌంటు కాబోలు అనుకుని వదిలేయండి. ఫలానా కరెంటు దగ్గర పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి, నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలని దాని అర్థం. ఆ లెక్క కూడా సాధారణంగా 40 డిగ్రీల గాలికి కడతారు. మే నెలలో రెంటచింతలలో రేకుల షెడ్డు కింద కూర్చున్నవాడికి ఈ లెక్క ఎందుకు పనికొస్తుంది? ఒళ్లు మరీ కాలితే మిషనే లైటు వెలిగించి సెలవు పెట్టేస్తుంది.

రాడ్ల సంగతికొస్తే, ప్యాకెట్టు మీద 6013 అని ఉన్నవి కొనకండి. అందులో 60 అంటే రాడ్డు వదిలిన లోహం చదరపు అంగుళానికి 60 వేల పౌన్ల లాగుడు తట్టుకుంటుందని. 1 అంటే నేల మీదైనా, నిలువుగానైనా, తల మీదైనా పని చేస్తుందని. చివరి అంకె పూతకూ కరెంటుకూ సంబంధించింది. కొత్త చేతికి ఇంత తేలిగ్గా లొంగే రాడ్డు ఇంకొకటి లేదు. సరిగ్గా అందుకే వద్దనేది. 7018 ఇవ్వమనండి, 60 కన్నా 70 పెద్దది కదా. ఆ రాడ్డు పూతకు తేమ పడదు. తేమలోని హైడ్రోజన్ అతుకులోకి దూరితే, అంతా చల్లారాక ఎప్పుడో పగుళ్లు బయటపడతాయి. అందుకే పెద్ద పనులు జరిగేచోట వాటిని వేడి పెట్టెల్లో దాచి, పని మొదలయ్యే ముందు తీస్తారు. మీరు కాకినాడలోనో భీమిలిలోనో ఉంటే ప్యాకెట్టు విప్పి, బాల్కనీలో ఆరేసిన బట్టల పక్కన పెట్టండి. సముద్రపు గాలికి బిల్లు రాదు.

ఇక కళ్లు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మొహం పక్కకు తిప్పేసి గేటు అతికించే కుర్రాణ్ని రోడ్డు పక్కన చూసే ఉంటారు. అతనే మీ గురువు. ఆర్క్ వెల్డింగ్ మాస్కులో 10 లేదా 11 నంబరు అద్దం ఉండాలి. మామూలు చలువ కళ్లద్దాలు మూడో నంబరు కూడా దాటవు, అయినా మొహానికి బాగుంటాయి. తెల్లగా సున్నం కొట్టిన గోడ పక్కన కూర్చోండి. గోడకు తగిలి తిరిగొచ్చే అతినీలలోహిత కిరణాలు మాస్కు వెనక సందులోంచి కూడా లోపలికి వస్తాయి. పిల్లల్ని పిలిచి చుట్టూ నిలబెట్టండి, దీపావళి ఏడాదికి ఒక్కసారేగా వచ్చేది. ఆ పూట ఎవరికీ ఏమీ తెలియదు. అన్నాలు తిని పడుకున్నాక, ఏ అర్ధరాత్రో, కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. కార్నియా పైపొర కాలిందని కంటి డాక్టరు చెబుతాడు. అది సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. కానీ ఆయన దగ్గరికి వెళ్లేలోగా వీధివాళ్ల వైద్యం పూర్తి కావాలి: బంగాళాదుంప చక్రాలు, కీరా ముక్కలు, రోజ్ వాటర్, పక్కింటి బాలింతనడిగి చనుబాలు.

బట్టల దగ్గర మన ఎండలకు విలువివ్వండి. పాలిస్టర్ లుంగీ, చేతుల్లేని బనీను, హవాయి చెప్పులు. నూలు బట్ట మీద రవ్వ పడితే మాడి ఊరుకుంటుంది. పాలిస్టర్ అయితే కరిగి ఒంటికి పట్టుకుంటుంది. మీ చేతి మీదుగా జరిగిన మొదటి గట్టి అతుకు అదే అవుతుంది. చెప్పుకూ పాదానికీ మధ్య ఇరుక్కున్న రవ్వ వేయించే అడుగులు కూచిపూడిలో కూడా లేవు. రాడ్డు మార్చేటప్పుడు గ్లోవ్స్ తీసేయండి. ఆర్క్ లేనప్పుడు హోల్డరు దగ్గర ఉండేది 60 నుంచి 80 వోల్టులేనట. చేతికి చెమట, కింద తడి నేల ఉంటే అంతే చాలు.

ఇనుము తుడవకండి. తుప్పు కూడా ఇనుములోంచి పుట్టిందే, దాన్ని వేరుచేసి చూడటం అన్యాయం. రంగు మీదే ఎర్త్ క్లాంపు తగిలించి, ఆర్క్ ఎందుకు అంటుకోవడం లేదని మిషను కంపెనీని తిట్టండి. ఇంట్లో పాత జీఐ పైపు ఉంటే మరీ మంచిది, దాని మీదున్న జింకు పూతను గీకే పని పెట్టుకోవద్దు. ఉక్కు కరగడానికి 1500 డిగ్రీల దరిదాపుల వేడి కావాలి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అంటే మీరు ఇనుమును కరిగించేలోపే జింకంతా తెల్లటి పొగై ముక్కులోకి వస్తుంది. పొగ వృథా పోకుండా తలుపులు వేసుకోండి. రాత్రికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో ఇనప రుచి. మలేరియా అనుకుని రక్తపరీక్షకు పరిగెత్తేలోపు మర్నాటికి చాలావరకు తగ్గిపోతుంది. అందుకని అదంతా పాల మహిమేనని చెప్పుకుంటారు. పొగ పీల్చాక గ్లాసెడు పాలు తాగితే, బెల్లం ముక్క తింటే విరుగుడని వెల్డింగ్ షాపుల్లో గట్టి నమ్మకం. పాలు వెళ్లేది పొట్టలోకి, పొగ వెళ్లింది ఊపిరితిత్తుల్లోకి. ఈ రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో పాలు తాగించేవాళ్లే చెప్పాలి.

ఒక్క విషయంలో వెటకారం పక్కనపెడతాను. డీజిల్, పెట్రోలు, థిన్నరు పోసిన ఖాళీ డ్రమ్ము కోసి పొయ్యి చేద్దామనో, బైకు ట్యాంకు కారుతుంటే అతుకు వేద్దామనో అనుకుంటే, ఆ ఆలోచన మానుకోండి. ఖాళీగా కనిపించే డ్రమ్ములో మిగిలేది ఆవిరి, పేలేది కూడా ఆ ఆవిరే. నీళ్లతో కడిగినా మడతల్లో మిగిలిన జిడ్డు వేడికి మళ్లీ ఆవిరవుతుంది. చాలా ఏళ్ల అనుభవమున్న వెల్డర్లు కూడా ఇలా చనిపోయారు.

సరే, మళ్లీ మన పాఠానికి. పనిలో అసలు గుట్టు ఒకటే: వెలుగును చూడాలి. అంత అందమైన నీలి వెలుగు ముందుండగా, దాని వెనకాల కదిలే కరిగిన మడుగు మీద చూపు నిలపమంటారు అనుభవజ్ఞులు. ఆ మడుగు రెండు అంచులనూ పట్టుకుందా, ఒక అంచునే కొరుకుతోందా, దాని మీద తేలే స్లాగ్ ఏది, కింద మెరిసే లోహం ఏది, ఇవి కనిపెట్టడానికే మొదటి నెలంతా పోతుందట. మీకెందుకా తిప్పలు? వెలుగు ఎటు పోతే చెయ్యి అటు పోనివ్వండి. రాడ్డును అగ్గిపుల్ల గీసినట్టు గీరి, ఇనుము నుంచి రాడ్డు మందమంత ఎడంలో పట్టుకోమంటారు. మీరు గట్టిగా పొడవండి. అంటుకుపోతుంది. లాగితే రాడ్డుతో పాటు యాంగిలూ లేచి వస్తుంది. రాడ్డు ఎర్రబడుతుంటే హోల్డరు నొక్కి వదిలించుకోవాలనే సంగతి అప్పుడే గుర్తుకు రాకూడదు. లేదా భయపడి దూరంగా పట్టుకోండి. ఆర్క్ సాగి, చిరచిర చప్పుడు పోయి బుసబుసలాడుతుంది. చుట్టూ రవ్వలు చల్లుతుంది. పడిన లోహం నిండా బెజ్జాలుంటాయి. ఏది చేసినా చివర్లో మీకు కనిపించేది ఒక గుట్ట. ఇనుము పైన కూర్చుంటుంది గానీ ఇనుములో కలవదు.

పాత సామాను కొట్లో 5 మిల్లీమీటర్ల ఫ్లాట్ ముక్కలు కిలోల లెక్కన దొరుకుతాయి. ఒకదాని పక్కన ఒకటి గీతలు వేసుకుంటూ పోతే చెయ్యి కుదురుతుంది. అదంతా బడిపిల్లల కాపీరాత. మీరు నేరుగా 18 గేజు స్క్వేర్ పైపుకు వెళ్లండి. మందం 1.2 మిల్లీమీటర్లే కాబట్టి త్వరగా వేడెక్కుతుంది, త్వరగా బెజ్జం పడుతుంది. ఆ బెజ్జం పూడ్చబోతే అంచులు కరిగి పెద్దదవుతుంది. దాన్ని పూడ్చబోతే ఇంకా పెద్దది. ఇలా సాయంత్రానికి పైపుకు రెండు కొసలే మిగులుతాయి. ఫ్రేము చేసేటప్పుడు నాలుగు మూలలకూ చిన్న ట్యాకులు కొట్టి, మూలమట్టం పెట్టి, కర్ణాలు రెండూ సమానమో కాదో కొలిచి, ఆ మూల కాస్త ఈ మూల కాస్త నింపుకుంటూ రావడం మేస్త్రీల చాదస్తం. ఒక మూల మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా వదలకండి. చల్లారే లోహం కుంచించుకుపోతూ ఫ్రేమును తనవైపు లాక్కుంటుంది. తలుపు పడదు. గోడే వంకరని తాపీమేస్త్రీ మీద నెట్టేయండి, అతను ఎలాగూ అక్కడ ఉండడు.

స్లాగ్ కొట్టేటప్పుడు మాస్కుతో పాటు కళ్లద్దాలూ తీసేయండి, ఆర్క్ ఆరిపోయింది కదా. సుత్తి దెబ్బకు ఎగిరే వేడి పెంకులకు కంటి కన్నా మంచి చోటు దొరకదు. గ్రైండరుకు గార్డు ఉంటే ఊడబెరికి మూల పడేయండి. పని కాగానే లోపలికి వెళ్లి ఫ్యాను కింద పడుకోండి. రవ్వ దూరిన గోనెసంచి పొగ మొదలుపెట్టడానికి తీరిగ్గా అరగంట తీసుకుంటుంది, దాని పనికి మీరు అడ్డురాకూడదు.

ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది. వాళ్లకో పిచ్చి ఆచారముంది: టీ ఆకారంలో అతికించిన ముక్కను వైస్‌లో బిగించి, సుత్తితో విరిగేదాకా కొడతారు. విరిగిన చోట లోపలిదాకా గరుగ్గా ఉంటే కలిసిందని. ఇనుము అంచు కరగకుండా నున్నగా అలాగే కనిపిస్తే పైపైన కూర్చుందని. ఏడాది పాటు చేసింది చేసినట్టు విరగ్గొట్టుకునేవాళ్లను ఏమనాలి? మీ చేత్తో చేసినదాన్ని ఎన్నడూ కొట్టి చూడకండి. గుట్టలను గ్రైండరుతో నున్నగా చెక్కేయండి, ఉన్న కాస్త లోహమూ పోతుంది. గుంటల్లో లప్పం పెట్టండి. పైన రెడాక్సైడు, దాని మీద మెరిసే నల్లరంగు. ఎక్కడ అతికిందో మీకే తెలియకూడదు.

ఇంత అయ్యాక మొదటి పనిగా పూలకుండీ స్టాండూ, చెప్పుల స్టాండూ లాంటి చిల్లర పనులు పెట్టుకోకండి. నేరుగా హాల్లోకి ఉయ్యాల చేయండి. బరువంతా పైనున్న రెండు కొక్కేల అతుకుల మీద పడేలా చూసుకోండి. దానికి పూలదండలు చుట్టి, చుట్టాలందర్నీ పిలిచి, వాళ్లలో బాగా ఒళ్లున్న బావగారిని మొదట కూర్చోబెట్టండి. బొట్టు పెట్టి, చేతికి కాఫీ గ్లాసు కూడా ఇవ్వండి. మీరు మాత్రం కూర్చోకండి. ఎవరో ఒకరు ఫొటోలు తీయాలిగా.