చిల్లుల గీతకు అటూ ఇటూ: ఒక లక్కీ డ్రా కూపన్ ఆత్మకథ

నేను లక్కీ డ్రా కూపన్‌ని. ఆషాఢం ఆఫర్లకో, దసరాకో, సంక్రాంతికో ప్రింటింగ్ ప్రెస్సులో కట్టలు కట్టలుగా పుడతాను. ఒంటి మధ్య నిలువునా చిల్లుల గీత, దానికి అటూ ఇటూ ఒకే నంబరు. ఒక సగం పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ రాయించుకుని దుకాణంలోని డబ్బాలో పడుతుంది. రెండో సగం కొన్నవారి పర్సులో మడతలు పడి ఉంటుంది. ముందువైపు కారు బొమ్మ, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. చూసినవాళ్లంతా నాది అదృష్టం జాతి అంటారు. డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు ఏ చీటీ తగులుతుందన్నది అదృష్టమే, కాదనను. కానీ నేను నికార్సయిన కూపన్‌నా, ముసుగేసుకున్న లాటరీ టికెట్‌నా అని తేల్చేది అదృష్టం కాదు, లెక్క. ఆ కారు ఎవరి సొమ్ముతో కొన్నారు? డ్రా తీశాక ఫలితం ఎవరికి చెప్పారు? నా జాతకమంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

లాటరీ టికెట్ నాకు దాయాది. దాని దారి చట్టంలో ఇరుకు. ప్రభుత్వం నడిపేదీ, ప్రభుత్వం అనుమతించినదీ కాని లాటరీ డ్రా కోసం ఆఫీసో, చోటో పెడితే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అలాంటి లాటరీకి బహుమతులు ప్రకటించినా 5,000 రూపాయల దాకా జరిమానా. పదాలు, అంకెలు కూర్చే బహుమతి పోటీల కోసం 1955లో మరో చట్టం వచ్చింది. ఆ చట్టం చేయమని పార్లమెంటును కోరిన రాష్ట్రాల్లో నాటి ఆంధ్ర, హైదరాబాద్ కూడా ఉన్నాయి. నెలకు 1,000 రూపాయలకు మించి బహుమతులు ఇవ్వకూడదు, ఎంట్రీలు 2,000 దాటకూడదు, లైసెన్సు ఉండాలి. ఈ కట్టడి జూదం లాంటి పోటీలకే గానీ, నిజంగా తెలివి మీద నడిచేవాటికి కాదని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే నా వెనకవైపున కొందరు ఒక ప్రశ్న అచ్చు వేస్తుంటారు: ‘మన దేశ రాజధాని ఏది?’ అది నైపుణ్యం కాదు, నైపుణ్యం వేషం. అందరూ సరిగ్గా రాసే జవాబు ఎవరినీ గెలిపించలేదు. చివరికి విజేతను తేల్చేది డబ్బాలోని చెయ్యే.

ఎవరి సొమ్ము అన్న ప్రశ్న ఎంత బరువైనదో ఒక కేసు చూపిస్తుంది. 2007లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ ప్రేక్షకుల కోసం ‘హర్ సీట్ హాట్ సీట్’ అనే పోటీ నడిచింది. జవాబు పంపడానికి ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 2 రూపాయల 40 పైసలు. ప్రవేశం ఉచితమంటూనే ఎస్సెమ్మెస్ రుసుములోంచి బహుమతి ఇచ్చారని ఫిర్యాదు. అంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నమాట. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో పోటీ నడిపినవారిని కోటి రూపాయలు కట్టమంది. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. బహుమతి డబ్బు ఎస్సెమ్మెస్ రాబడి నుంచే వచ్చిందనడానికి సాక్ష్యం లేదన్నది కారణం. దీన్ని కంపెనీలకు దొరికిన సందుగా చూసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో సూత్రమే కనిపిస్తుంది. కోర్టు అదృష్టాన్ని తూచలేదు, డబ్బు ఎటునుంచి వచ్చిందో చూపించమంది. చిక్కల్లా ఆ లెక్క పుస్తకం పోటీ నడిపినవారి బీరువాలో ఉంటుంది, చూపించాల్సిన భారం కొన్నవారి నెత్తిన పడుతుంది. నన్నడిగితే, ధరలో బహుమతి ఖర్చు కలపలేదని పథకం పెట్టినవారే చూపించాలి.

‘చీర కొన్నవారికి చీర దక్కింది, కూపన్ కొసరు. ఇందులో నష్టం ఎవరికి?’ అని అడుగుతారు. మామూలు ధరకే చీర ఇచ్చి ఉంటే ఎవరికీ లేదు. ధర పెంచి నన్ను చేతిలో పెడితే మాత్రం ఆ పెంచినంతా టికెట్ ఖరీదే. వెయ్యిమంది తెలియకుండా లాటరీ ఆడినట్టే. ‘చిన్న దుకాణదారుకు ఇన్ని చట్టాలా?’ అన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, నిబంధనల్లో మినహాయించినవి తప్ప, అమ్మకం పెంచడానికి పెట్టే పోటీ అదృష్టానిదైనా నైపుణ్యానిదైనా అనుచిత వ్యాపార పద్ధతే అంటుంది. మరి ప్రతి ఆషాఢంలో నేనెలా పుడుతున్నాను? అందరికీ వర్తించే కట్టడి ఎవరినీ భయపెట్టదు గనుక. అంత వెడల్పు కట్టడి కన్నా ఇరుకైన నియమం గట్టిగా అమలైతే మేలు: ధర మారకూడదు, షరతులు చదవగలిగేట్టు ఉండాలి, డ్రా నలుగురి ముందు తీయాలి, ఫలితం చెప్పి తీరాలి.

ఆఖరిది చట్టంలో ఇప్పటికే ఉంది. పథకం ముగిశాక ఫలితాలు దాచిపెట్టడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. ముందు ప్రకటన వచ్చిన పత్రికలోనే, తగిన గడువులో, కళ్లకు కనపడేలా వేస్తే తెలిపినట్టే లెక్క. గెలిచినవారికి ఫోన్ చేశాం కదా, ఇంకా ప్రకటన ఖర్చెందుకు అనేవారు ఒక్క సంగతి మరిచిపోతున్నారు. గెలుపు మీద పన్ను ఉంది, 30 శాతం. బహుమతి వస్తువైతే ఆ పన్ను కట్టారని చూసుకున్నాకే ఇవ్వాలి. ‘మీకు కారు తగిలింది, ముందు టాక్స్ కట్టండి’ అంటూ ఫోన్ చేసే మోసగాడు ఈ నిజం చాటునే నిలబడతాడు. పేపర్లో జాబితా ఉంటే వాడి మాట అబద్ధమని ఒక్క చూపులో తేలిపోతుంది. అందుకే ఫలితం గెలిచిన ఒక్కరి కోసం కాదు. డబ్బాలోని సగం డ్రా రోజున తన పని ముగించుకుంటుంది. పర్సులోని సగం మాత్రం, తగలలేదని తెలిసేదాకా ఎదురుచూస్తూనే ఉంటుంది. దానికి కారు బాకీ లేరు. జవాబు బాకీ ఉన్నారు.