మౌస్ ఆత్మకథ

బల్ల మీద చేయి కదిలినట్టల్లా కంప్యూటర్ తెర మీది బాణం గుర్తును కదిపే పరికరం మౌస్. ‘నేను’ అన్న మాట వాడకుండా తన జీవితకథను ఇక్కడ అదే చెప్పుకుంటోంది.

మౌస్ ఊహ పుట్టింది ఒక సదస్సులో. 1961లో కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో కూర్చున్న అమెరికన్ ఇంజినీరు డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌కు ప్లానిమీటర్ గుర్తొచ్చింది. పటంలో గీసిన హద్దు వెంట నడిపితే, చక్రం తిరిగిన మేరను బట్టి వైశాల్యం చెప్పే సాధనమది. ఒకటి నిలువుకూ ఒకటి అడ్డానికీ రెండు చక్రాలు అమరిస్తే, చేయి ఎటు, ఎంత జరిగిందో కంప్యూటర్‌కు తెలుస్తుందని ఆయనకు తోచింది. 1964లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సహచరుడు బిల్ ఇంగ్లిష్ దాన్ని తయారుచేశారు. చెక్క డొప్ప, అడుగున రెండు లోహపు చక్రాలు, పైన ఒకే బటన్. తీగ మొదట్లో మణికట్టు వైపు ఉండేది. అడ్డం వస్తోందని అవతలి వైపుకు మార్చారు.

మౌస్‌కు చోటు ఊరికే దక్కలేదు. లైట్ పెన్, జాయ్‌స్టిక్, మోకాలితో కదిపే మీట వంటివాటితో పాటు దాన్నీ పరీక్షకు పెట్టారు. కొత్తవారికి లైట్ పెన్, మోకాలి మీట కొంత తేలికగా అనిపించాయి. సాధన ఉన్నవారి చేతిలో మాత్రం మౌస్‌దే పైచేయి అయింది. ఎంగెల్‌బార్ట్ ఆలోచనలోనూ సాధనకు చోటుంది. మనిషి మేధాశక్తిని పెంచడం గురించి 1962లో రాసిన నివేదికలో ఆయన పరికరాలు, భాష, పని పద్ధతులు, శిక్షణ అనే నాలుగింటినీ ఒకే కట్టుగా చూశారు. మౌస్ వాటిలో మొదటి దానికి చెందినది మాత్రమే.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ సదస్సులో మౌస్ మొదటిసారి నలుగురి ముందుకు వచ్చింది. సుమారు వెయ్యి మంది ఎదుట గంటన్నర పాటు సాగిన ఆ ప్రదర్శనలో ఎంగెల్‌బార్ట్ కుడిచేతిలో మౌస్, ఎడమచేతి కింద అయిదు మీటల కీసెట్ ఉన్నాయి. ఇంటికి కావలసిన సరుకుల జాబితాను తెర మీద రాసి, వరుస మార్చి, విభాగాలు చేసి చూపారు. ఒక మాటను నొక్కి మరో చోటికి వెళ్లడం, దూరాన ఉన్న సహోద్యోగితో ఒకే పత్రం మీద కలిసి పనిచేయడం ఆ రోజే చూపించారు. సాధన లేనిదే పట్టుబడని కీసెట్ తరవాత మరుగున పడింది. వెంటనే అలవడే మౌస్ మిగిలింది.

1970 నవంబరు 17న మౌస్‌కు పేటెంట్ వచ్చినా, ఎంగెల్‌బార్ట్‌కు రాయల్టీ దక్కలేదు. 1972లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బిల్ ఇంగ్లిష్ చక్రాలు తీసి బంతిని పెట్టారు. 1984లో ఆపిల్ కంప్యూటర్ మాకింతోష్‌తో అది మామూలు ఇళ్లకు చేరింది. బంతి దొర్లుతూ లోపలి రెండు రోలర్లను తిప్పేది. బల్ల మీది దుమ్ము, చేతి జిడ్డు ఆ రోలర్లకు నల్లటి పట్టీలా అంటుకుంటే తెర మీది బాణం ఆగి ఆగి కదిలేది. అప్పుడు అడుగున ఉన్న మూత తిప్పి, బంతిని బయటికి తీసి, ఆ మురికిని గోటితో గీకితే మళ్లీ దారిలో పడేది. మన కంప్యూటర్ ల్యాబుల్లో చదువుకున్న ఒక తరానికి ఇది చేతికి తెలిసిన పని. 1999 తరవాత ఆప్టికల్ మౌస్ వ్యాపించడంతో బంతి పోయింది. అడుగున వెలిగే దీపం వెలుతురులో చిన్న సెన్సర్ సెకనుకు వెయ్యికి పైగా చిత్రాలు తీసి, ముందుదానితో తరవాతిదాన్ని పోల్చి కదలికను లెక్కిస్తుంది.

1990లో బ్రిటిష్ శాస్త్రవేత్త టిమ్ బెర్నర్స్-లీ యూరప్ పరిశోధన కేంద్రం సెర్న్‌లో వెబ్‌ను నడిపించాక క్లిక్ ప్రపంచమంతటి అలవాటైంది. వెబ్ డిజైనర్లు మౌస్‌ను నమ్ముకుని పేజీలు కట్టారు. బాణం పైకి రాగానే తెరుచుకునే మెనూలు అలా వచ్చినవే. 2007లో ఐఫోన్ వచ్చాక వాటిని తిరగరాయాల్సి వచ్చింది, ఎందుకంటే వేలు తెరను తాకకుండా పైన ఆగితే ఫోనుకు తెలియదు. చేతులు వణికేవారికి మౌస్ కష్టం, చూపు లేనివారికి పనికిరాదు. అందుకే కీబోర్డు ఒక్కదానితోనూ నడిచే పేజీయే సరైన పేజీ.

నేడు తెలుగు విద్యార్థుల్లో చాలామందికి మౌస్ కంటే ముందు ఫోను చేతికొస్తోంది. పరికరం ఏదైనా నొక్కడం నేర్వడానికి ఎక్కువసేపు పట్టదు. రాసింది దిద్దుకోవడం, సమాచారాన్ని వరుసలో పెట్టడం, నలుగురితో కలిసి ఒక పని పూర్తిచేయడం నేర్వాలంటే గురువు కావాలి, కాలం కావాలి. ఎంగెల్‌బార్ట్ చెప్పిన నాలుగింటిలో లోకం పరికరాన్ని తీసుకుని శిక్షణను వదిలేసింది. బడికి కొత్త పరికరాలు కొనేవారు వాటిని నేర్పే ఉపాధ్యాయుల శిక్షణకూ డబ్బు, సమయం కేటాయించాలి.